యాభై దాటాక బౌలింగ్ పరిశ్రమలోకి: యంత్రాల గది నుంచి మొదలుపెట్టే దారి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి టెన్‌పిన్ బౌలింగ్ అంటే పిల్లల పుట్టినరోజుకో, ఆఫీసు వాళ్ల సరదా సాయంత్రానికో అద్దె బూట్లు వేసుకుని ఆడిన ఆట మాత్రమే. పిన్నులు నిలబడే చోటికి అవతల, గోడ వెనుక, వందల భాగాలున్న యంత్రాలు తిరుగుతుంటాయనీ, వాటిని నడిపేవారికీ, లేన్‌కు ఆయిల్ పట్టించేవారికీ, బంతికి రంధ్రాలు వేసేవారికీ, ఆట నేర్పేవారికీ, లీగ్ లెక్కలు రాసేవారికీ ఇదే జీవనాధారమనీ మన దృష్టికి సాధారణంగా రాదు. ఉద్యోగం నుంచి తప్పుకున్నవారు, ముందుగా విరమణ తీసుకున్నవారు, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక సమయం మిగిలినవారు ఈ రంగంలోకి ఎలా రావచ్చో, ఏది ముందు నేర్చుకోవాలో, డబ్బు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలో ఈ ఆటకు వ్యవస్థ కొత్తగా ఏర్పడింది కాదు. అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 1895లో పుట్టింది. మహిళల సంఘం 1916లో వచ్చింది. ఇవి, యువజన సంఘంతో సహా, 2005లో ఒక్కటై యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే అందరూ యూఎస్‌బీసీ అని పిలిచే సంస్థగా మారాయి. దీని కార్యాలయం టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఉంది. బౌలింగ్ సెంటర్ల యజమానులకు 1932 నుంచీ బీపీఏఏ అనే వేరే సంఘం ఉంది. నియమాలు, కోచ్‌ల గుర్తింపు, లేన్‌ల తనిఖీ మొదటి సంస్థ పని. వ్యాపార శిక్షణ, వార్షిక వాణిజ్య ప్రదర్శన రెండో సంస్థ పని. ఏ ప్రశ్నకు ఎవరిని ఆశ్రయించాలో తెలియడానికి ఈ తేడా మొదట్లోనే గ్రహించడం మంచిది.

వయసు మీరినవారికి ఈ పరిశ్రమ అనువైనదని నేను నమ్మడానికి బలమైన కారణమే ఉంది. ఇక్కడి వినియోగదారులలోనే పెద్దవయసు వారు చాలామంది ఉన్నారు. వారం మధ్యలో పగటిపూట సెంటర్లను నింపేది సీనియర్ లీగ్‌లే. వృత్తి ఆటగాళ్ల సంఘమైన పీబీఏకు యాభై దాటినవారి కోసం ప్రత్యేక పోటీల పరంపర ఉంది, అరవై దాటినవారికీ విడిగా పోటీలున్నాయి. కౌంటర్ వెనుక నెరిసిన తల కనిపిస్తే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

అయితే ఈ రంగం మీద మనసు పడ్డ మధ్యవయసువారు తరచూ తప్పు కొస నుంచి మొదలుపెడతారు. చేతిలో పొదుపు ఉంది కాబట్టి నేరుగా సెంటర్ కొనడం గురించి ఆలోచిస్తారు. నా దృఢమైన అభిప్రాయం ఏమిటంటే, చివరికి మీరు కోచ్ కావాలనుకున్నా, ప్రో షాప్ (బంతులు అమ్మి, వాటికి రంధ్రాలు వేసే దుకాణం) పెట్టాలనుకున్నా, యజమాని కావాలనుకున్నా, మొదటి ఏడాది యంత్రాల వెనుక గడపాలి. ఈ వ్యాపారంలో డబ్బు కౌంటర్ దగ్గర వస్తుంది, పోవడం మాత్రం వెనుక గదిలో మొదలవుతుంది.

మొదటి మెట్టు: పని హక్కు, పింఛను, ఒంటి ఓపిక

గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్నవారికి ఏ ఇబ్బందీ లేదు. హెచ్-1బీ మీద ఉన్నవారు తమను నియమించిన సంస్థలో తప్ప వేరేచోట జీతానికి పనిచేయకూడదు, అది వారానికి ఒక్క సాయంత్రమైనా సరే. హెచ్-4 మీద ఉన్నవారికి ఉద్యోగ అనుమతి పత్రం ఉంటేనే వీలవుతుంది. పిల్లల దగ్గరకు విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు లీగ్‌లో సరదాగా ఆడవచ్చు కానీ జీతం తీసుకునే పని ఏదీ చేయకూడదు. జీతం నగదుగా ఇస్తామనే యజమాని మాట ఎంతమాత్రం వినకండి.

ఆలస్యంగా ఈ దేశానికి వచ్చి గ్రీన్ కార్డు పొందినవారికి పార్ట్‌టైమ్ పనితో ఒక ప్రయోజనం ఉంది. సోషల్ సెక్యూరిటీ పింఛనుకూ, ప్రీమియం లేని మెడికేర్ పార్ట్ ఎకూ సాధారణంగా 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి గరిష్ఠంగా 4 మాత్రమే వస్తాయి. పన్నులు కట్టి చేసిన చిన్న ఉద్యోగమైనా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పటికే 62వ ఏట పింఛను మొదలుపెట్టినవారు మాత్రం జాగ్రత్తపడాలి. పూర్తి విరమణ వయసుకు ముందు సంపాదన ఒక వార్షిక పరిమితి దాటితే పింఛనులో కొంత భాగం ఆపుతారు. పనిలో చేరే ముందే ఆ ఏటి పరిమితి ఎంతో తెలుసుకోండి.

వయసు చూసి తిరస్కరిస్తారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. నలభై దాటినవారిని వయసు కారణంగా పక్కన పెట్టకూడదని 1967 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది, 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. ఆచరణలో చట్టం కంటే మీకు ఉపకరించేది సమయపాలన. రాత్రి షిఫ్టులకు, వారాంతాలకు నమ్మకంగా వచ్చే మనిషి దొరకడమే మేనేజర్లకు కష్టం.

ఒంటి విషయంలో నిజాయతీగా లెక్క వేసుకోవాలి. యంత్రం మీదికి ఎక్కడం, వంగి కింద దూరడం, గంటల తరబడి మోత మధ్య నిలబడడం మెకానిక్ పనిలో భాగం. మోకాళ్లు సహకరించనివారు ఆయిల్ యంత్రం వైపో, ప్రో షాప్ వైపో త్వరగా మళ్లడం మేలు. చెవులకు రక్షణ మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి, పోయిన వినికిడి తిరిగి రాదు.

రెండో మెట్టు: ఒక సీజన్ లీగ్ ఆడండి

లీగ్ సీజన్ దాదాపు సెప్టెంబరులో మొదలై ఏప్రిల్, మే వరకు సాగుతుంది. వారానికి ఒక రోజు, సాధారణంగా మూడు గేములు. సగటు స్కోరు తక్కువైనా హ్యాండీక్యాప్ (తక్కువ స్కోరు వారికి కలిపే అదనపు పాయింట్లు) ఉంటుంది కాబట్టి కొత్తవారిని జట్లు సంతోషంగానే చేర్చుకుంటాయి. మీరు చివరికి పనిచేయాలనుకునే సెంటర్‌లోనే చేరండి. ప్రో షాప్‌లో మీ చేతి కొలతకు రంధ్రాలు వేయించుకున్న సొంత బంతి కొనుక్కోండి. ఆ కొనుగోలే ఆ షాపు మనిషితో మీ మొదటి పరిచయం అవుతుంది.

ఆడుతున్నప్పుడు స్కోరు కంటే చుట్టూ జరిగేది గమనించడం మీ పని. ఏ లేన్ తరచూ ఆగుతోంది, ఆగినప్పుడు ఎంతసేపటికి మనిషి వస్తున్నాడు, ఆటగాళ్లు ఆయిల్ గురించి ఏమని సణుగుతున్నారు, పగటి లీగ్‌లో ఎన్ని జట్లున్నాయి, సాయంత్రం లీగ్‌లో ఎన్ని లేన్‌లు ఖాళీగా ఉన్నాయి అన్నవి చూడండి. నాలుగైదు నెలలు ఇలా గమనించినవారికి ఆ సెంటర్ బలహీనతలు దాని మేనేజర్‌కు తెలిసినంతగా తెలుస్తాయి. పనికి అడిగే రోజున ఆ జ్ఞానం మీ మాటలో కనిపిస్తుంది.

మూడో మెట్టు: యంత్రాల గది

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే తక్కినదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఒకప్పుడు పిన్నులను నిలబెట్టేది మనుషులే. లేన్ చివర గోడంచున కూర్చున్న కుర్రాళ్లు బంతి తాకగానే కిందికి దూకి, పడ్డ పిన్నులను ఏరి, మళ్లీ వరుసగా పెట్టేవారు. గాట్‌ఫ్రీడ్ ష్మిట్ కనిపెట్టిన యంత్రాన్ని ఏఎంఎఫ్ సంస్థ 1946లో బఫెలోలో ప్రదర్శించింది, 1950ల మొదట్లో అది సెంటర్లలోకి వచ్చింది. బ్రన్స్‌విక్ తన యంత్రాన్ని 1956లో తెచ్చింది. ఆ తరానికి కొనసాగింపుగా వచ్చిన బ్రన్స్‌విక్ ఎ-2, ఏఎంఎఫ్ 82-70 వంటి నమూనాలు చాలా సెంటర్లలో నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి. దశాబ్దాలు దాటిన యంత్రాలను బతికించడం తెలిసిన చేతులు తగ్గిపోతుండడమే మీకు తలుపు తెరిచే అసలు కారణం.

ప్రవేశ స్థాయి ఉద్యోగాన్ని ఇక్కడ పిన్‌చేజర్ అంటారు. బంతి తిరిగి రాకపోయినా, పిన్ను లేన్ పక్క గాడిలో (గట్టర్‌లో) పడి ఉన్నా, వరుసలో ఒక పిన్ను తక్కువైనా వెళ్లి సరిచేయడం అతని పని. దాని పైన సి, బి, ఎ అనే మెకానిక్ స్థాయిలు ఉంటాయి. ఎ స్థాయివారు యంత్రాన్ని పూర్తిగా విప్పి బిగించగలవారు. ఏళ్ల అనుభవం లేకుండా ఆ స్థాయికి ఎవరూ చేరరు, కానీ బి స్థాయి చేరడం ఓర్పున్న ఎవరికైనా సాధ్యమే.

యంత్రం చేసే పని మొదట కళ్లతో నేర్చుకోండి. బంతి వెనుక ఉన్న మెత్తను తాకి గుంటలోకి పడుతుంది, పడ్డ పిన్నులూ దానితోపాటే దిగుతాయి. గుంట అడుగున ఉన్న కార్పెట్ అన్నిటినీ వెనక్కు లాగుతుంది. బంతి తన ద్వారం గుండా విడిపోయి లేన్ కింది మార్గంలో ముందుకు వస్తుంది. పిన్నులు నిలువు చక్రంలో పైకి ఎక్కి, ఒక్కొక్కటిగా తమ గూళ్లలోకి చేరతాయి. ఈలోగా డెక్ అనే పై చట్రం కిందికి దిగి నిలబడి ఉన్న పిన్నులను మెడ దగ్గర పట్టి లేపుతుంది, రేక్ అనే అడ్డపట్టీ పడిపోయినవాటిని ఊడ్చేస్తుంది, డెక్ మళ్లీ వాటిని అదే చోట దింపుతుంది. ఈ క్రమం కంఠతా వచ్చాక శబ్దంతోనే తప్పు పట్టడం అలవాటవుతుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఇరవై లేన్‌లు ఒక్కసారిగా మోగుతున్నా పదిహేడో దాని బెల్టు జారుతోందని చెప్పగలడు.

ఒక పిలుపు వచ్చినప్పుడు ఏమి చేయాలో దగ్గరగా చూద్దాం. కౌంటర్ నుంచి లేన్ సంఖ్య చెబుతారు. మీరు వెనుక దారిలో ఆ యంత్రం దగ్గరకు వెళ్లి ముందు ఒక్క క్షణం నిలబడి చూడాలి: రేక్ దిగి ఉందా, డెక్ ఎక్కడ ఆగింది, చక్రం తిరుగుతోందా. చేయి పెట్టే ముందు విద్యుత్తు ఆపాలి. స్విచ్చుకు మీ సొంత తాళం వేసి, మీ పేరున్న చీటీ తగిలించాలి. తాళం, చీటీల ఈ పద్ధతిని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు తప్పనిసరి చేశాయి. కరెంటు పోయినా యంత్రంలో బరువు, బెల్టు బిగువు, స్ప్రింగుల్లో దాగిన బలం మిగిలే ఉంటాయి కాబట్టి అన్నీ కదలడం ఆగాయని చూసుకోవాలి. ఆ తరువాతే చక్రానికీ పక్క గోడకూ మధ్య అడ్డంగా ఇరుక్కున్న పిన్నును బయటికి తీయాలి, అదీ పిన్ను ఒక్కసారిగా జారితే మీ చేయి ఎటు పోతుందో ముందే చూసుకుని. వదులు చొక్కా, మెడలో గొలుసు, చేతికి ఉంగరం, కడియం ఏవీ ఉండకూడదు. లీగ్ రాత్రి, నలభై మంది ఎదురుచూస్తున్నప్పుడు, తాళం వేయకుండా రెండు సెకన్లలో తీసేద్దామనిపిస్తుంది. వేళ్లు పోయేది సరిగ్గా అప్పుడే. నిదానంగా పనిచేసే వయసు మీకు ఇక్కడ బలహీనత కాదు.

పిన్ను తీశాక పని అయిపోలేదు. లేన్ సంఖ్య, సమయం, ఆగిన తీరు పుస్తకంలో రాయండి. ఎన్ని ఫ్రేములకు (ఆటలో ఒక్కో వంతుకు ఫ్రేమ్ అని పేరు) ఒకసారి యంత్రం ఆగుతోందన్న లెక్కతోనే మంచి సెంటర్లు తమ నిర్వహణను కొలుచుకుంటాయి. ఒకే లేన్ అదే విధంగా పదేపదే ఆగుతుంటే కారణం వేరే చోట ఉంటుంది: అడుగు అరిగిన పిన్ను కావచ్చు, వదులైన బెల్టు, చిరిగిన కార్పెట్ కావచ్చు. పిన్ను ఎత్తు 15 అంగుళాలు, బరువు సుమారు మూడున్నర పౌండ్లు. వాటిలో ఒక్కదాని మెడ పగిలినా ఆ లేన్ అంతా చెడ్డపేరు మోస్తుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో లోపాల మూలం వెతికిన అలవాటున్నవారు ఈ పుస్తకం రాయడంలో తొందరగా రాణిస్తారని నా నమ్మకం.

కొన్ని నెలలు చేత్తో పనిచేశాకే తరగతి శిక్షణకు వెళ్లండి. యంత్ర తయారీ సంస్థలూ, యజమానుల సంఘమూ మెకానిక్‌లకు శిక్షణ ఇస్తాయి. ముందే వెళితే బొమ్మలు చూసినట్లు ఉంటుంది. చేతికి మట్టి అంటాక వెళితే అడగడానికి ప్రశ్నలుంటాయి. ఖర్చు సెంటరే భరిస్తుందేమో అడగడానికి మొహమాటపడకండి.

దారంతో కట్టిన పిన్నుల యంత్రాల గురించి కూడా చెప్పాలి. వీటిలో ప్రతి పిన్ను తలకూ దారం ఉంటుంది, మోటారు పైకి లాగి మళ్లీ దింపుతుంది. భాగాలు తక్కువ, కరెంటు తక్కువ, మెకానిక్ అవసరమూ తక్కువ. యూఎస్‌బీసీ 2023లో ఈ తరహా ఆటను ప్రత్యేక విభాగంగా గుర్తించింది. దానితో కొత్త సెంటర్లు చాలావరకు ఇటే మొగ్గుతున్నాయి. దారాలకు పిన్నుల కదలిక మారుతుందని పాత ఆటగాళ్లు బాధపడతారు, నేనూ వారి పక్షమే. అయినా ఉద్యోగ దృష్టితో చూస్తే రెండు రకాలూ నేర్చుకోవాలి. పాత యంత్రాలు తెలిసినవారికి మరికొన్నేళ్లు గిరాకీ ఉంటుంది. మీకు కావలసింది ఎటూ ముప్పై ఏళ్ల భవిష్యత్తు కాదు, పది పన్నెండేళ్ల పని.

నాలుగో మెట్టు: ఆయిల్

లేన్ మీద కంటికి కనిపించని ఒక పలుచని నూనె పొర ఉంటుందని తెలియక ఎందరో తమ గురి తప్పిందనుకుంటారు. ఆటగాడు దాటకూడని ఫౌల్ గీత నుంచి అన్నిటికంటే ముందుండే తలపిన్ను వరకు 60 అడుగులు. వెడల్పు సుమారు 41 అంగుళాలన్నర, అందులో 39 పట్టీలు. మామూలు రోజుల్లో వాడే అమరికలో దాదాపు మొదటి 40 అడుగులకు ఆయిల్ ఉంటుంది, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. చివరి 20 అడుగులు పొడిగా ఉంటాయి. బంతి ఆయిల్ మీద జారి, పొడి చోటు చేరాక పట్టు దొరికి వంపు తిరుగుతుంది. అంచుల్లో ఆయిల్ తక్కువ కాబట్టి పక్కకు పోయిన బంతి కూడా తిరిగి మధ్యకు వస్తుంది, అందుకే ఈ అమరిక అందరికీ అనుకూలం. పోటీల అమరికలో ఈ సౌలభ్యం ఉండదు.

ఈ పొరను పరిచేది లేన్ పొడవునా నడిచే ఒక యంత్రం. అది ముందు పాత ఆయిల్‌ను కడిగి పీల్చి, వెంటనే కొత్తది పరుస్తుంది. దానిని నడపడం వారంలో నేర్చుకోవచ్చు, సరిగ్గా నడపడానికి మాత్రం శ్రద్ధ కావాలి. నీటిని తుడిచే రబ్బరు అంచు అరిగితే లేన్ చివర తడి చార మిగులుతుంది, ఆ సాయంత్రం బంతులు వంపు తిరగాల్సిన చోట జారిపోతాయి, రాత్రి పది గంటలకు లీగ్ అంతా కౌంటర్ ముందు నిలబడుతుంది. ప్రతి పరుగు తరువాత మోకాలి మీద కూర్చుని లేన్ చివరను వేలితో తాకి చూడడం మంచి మెకానిక్‌లందరి అలవాటు. ఫ్లోరిడాలోని కెగెల్ సంస్థ ఈ యంత్రాలకూ, వీటి శిక్షణకూ పేరుపొందింది.

గుర్తింపు పొందిన లేన్‌లను ఏటా తనిఖీ చేస్తారు. ఎత్తుపల్లాల తేడా అంగుళంలో వెయ్యింట 40 వంతులకు మించకూడదు. ఆ తనిఖీ రోజున పక్కన ఉండి కొలిచే పద్ధతి చూడండి. తరువాత సెంటర్ కొనే ఆలోచన వస్తే ఆ ఒక్క రోజు చూసినది ఎంతో అక్కరకు వస్తుంది.

ఐదో మెట్టు: ప్రో షాప్

చేతిపనిలో నైపుణ్యం, మనిషితో ఓపిక రెండూ ఉన్నవారికి ప్రో షాప్ కంటే తృప్తినిచ్చే పని ఈ పరిశ్రమలో లేదు. చాలా సెంటర్లలో ఇది యజమానిది కాదు, చోటు అద్దెకు తీసుకున్న స్వతంత్ర వ్యాపారిది. అతని దగ్గర సహాయకుడిగా చేరడమే సరైన దారి.

బంతి బరువు 16 పౌండ్లకు మించకూడదు, వ్యాసం సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు. 1960ల నాటికి పాలియెస్టర్, 1980ల మొదట్లో యూరిథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెసిన్ వచ్చాయి. ఒక్కో పదార్థం లేన్‌ను ఒక్కో విధంగా పట్టుకుంటుంది, కాబట్టి అమ్మే ముందు ఆ మనిషి ఎంత వేగంతో, ఎంత తిప్పుతో వేస్తాడో చూడాలి. అరవై ఏళ్ల మనిషికి వేగం తగ్గి ఉంటుంది, అతనికి బలంగా వంపు తిరిగే ఖరీదైన బంతి అంటగడితే అది లేన్ సగంలోనే శక్తి కోల్పోతుంది.

కొలత తీసుకోవడమే ఇక్కడ విద్య. బొటనవేలి రంధ్రం అంచు నుంచి మిగతా రెండు వేళ్ల రంధ్రాల అంచుల వరకు ఉన్న దూరాన్ని స్పాన్ అంటారు, రంధ్రం ఎటు ఎంత వాలి ఉందో పిచ్ అంటారు. స్పాన్ మరీ పొడవైతే బొటనవేలి మొదట్లో నొప్పి, మరీ పొట్టిదైతే బంతిని నొక్కి పట్టుకోవడం. బంతిని వదిలేటప్పుడు బొటనవేలు ముందు బయటికి రావాలి, అదీ గట్టిగా పట్టుకోకుండానే బంతి చేతిలో నిలిచేలా. కీళ్లవాతంతో కణుపులు ఉబ్బినవారికి ఇది ఇంకా సున్నితం. ఉదయం ఒక కొలత ఉన్న వేలు సాయంత్రం మరో కొలత అవుతుంది. అందుకే రంధ్రాన్ని ఒక వెంట్రుక వదులుగా వేసి, లోపల టేపు ముక్కలతో బిగువు సర్దడం నేర్పుతారు. పెద్దవయసు ఆటగాడు చేయి చాపి "ఇక్కడ నొప్పండీ" అన్నప్పుడు అదే నొప్పి ఎరిగిన మనిషి ఎదురుగా ఉంటే అతని ముఖంలో కనిపించే నెమ్మది వేరు.

మొదట్లో పారేసిన పాత బంతుల మీదే సాధన చేయండి. తప్పుగా వేసిన రంధ్రాన్ని పూడ్చి మళ్లీ వేయవచ్చు కానీ రెండు వందల డాలర్లు పెట్టి కొన్నవాడికి పూడ్చిన బంతి ఇవ్వలేరు. రెసిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు, పొడి పీల్చే గొట్టం లేని షాపులో పని నేర్చుకోవద్దు. సమతుల్యం కోసం వేసే అదనపు రంధ్రాలను యూఎస్‌బీసీ 2020 ఆగస్టు నుంచి నిషేధించింది. పాత బంతి తెచ్చిన లీగ్ ఆటగాడికి ఈ మాట చెప్పడం షాపు బాధ్యత. ప్రో షాప్ వృత్తికి ఐబీపీఎస్‌ఐఏ అనే సంఘం శిక్షణ, గుర్తింపు ఇస్తుంది.

పక్క దారులు: కోచింగ్, లీగ్ బాధ్యతలు, స్వదేశం

కోచ్ కావడానికి గొప్ప ఆటగాడై ఉండనవసరం లేదు. యూఎస్‌బీసీ లెవెల్ 1 ఆన్‌లైన్‌లోనే పూర్తవుతుంది, ఆపైన బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ స్థాయిలున్నాయి. పిల్లలకు నేర్పాలంటే నేపథ్య పరిశీలన, భద్రతా శిక్షణ తప్పనిసరి. చాలా రాష్ట్రాల హైస్కూళ్లలో బౌలింగ్ జట్లున్నాయి. కాలేజీ క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏ 2004 నుంచి మహిళల బౌలింగ్ ఛాంపియన్‌షిప్ నిర్వహిస్తోంది, కాబట్టి కాలేజీ స్కాలర్‌షిప్ ఆశతో వచ్చే అమ్మాయిలకు ఓపికగల కోచ్ అవసరం నిజమైనది. ఆదాయం మాత్రం పక్క సంపాదనగానే ఉంటుంది.

లీగ్ కార్యదర్శి పదవికి చిన్న పారితోషికం ఉంటుంది, కానీ ఊరి బౌలింగ్ సమాజమంతా పరిచయమవుతుంది. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి, నెలనెలా అధ్యక్షుడితో లెక్క సరిచూపించండి. బహుమతి సొమ్ము విషయంలో అనుమానం ఒక్కసారి పుడితే ఆ ఊళ్లో మీకు మళ్లీ చోటు ఉండదు.

తిరిగి భారతదేశానికి వెళ్లిపోయే ఆలోచన ఉన్నవారికి ఒక మాట. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో లేన్‌లు ఎక్కువగా మాల్స్‌లోని వినోద కేంద్రాల్లో భాగంగా ఉన్నాయి, లీగ్ సంస్కృతి అక్కడ పలుచన. యంత్రాలు, విడిభాగాలు దిగుమతి చేసుకోవలసినవే. అందువల్ల ఆగిన యంత్రాన్ని ఉన్న భాగాలతోనే నడిపించగల మనిషికి అక్కడ విలువ ఎక్కువ. సెంటర్ పెట్టడం కంటే, మూడు నాలుగు సెంటర్లకు నిర్వహణ ఒప్పందం మీద పనిచేయడం తెలివైన ఆరంభం.

చివరి మెట్టు: సెంటర్ కొనడం

మీరు రెండు సీజన్లయినా లోపల పనిచేశాకే ఈ భాగం చదవాలని నా కోరిక. 1960ల నడిమిలో అమెరికాలో 12,000 దాకా సెంటర్లుండేవి, ఆ తరువాత సంఖ్య బాగా పడిపోయింది. వారం వారం క్రమం తప్పక వచ్చే లీగ్ ఆటగాళ్లు తగ్గడం అందుకు ప్రధాన కారణం. ఒకవైపు పెద్ద గొలుసు సంస్థలు సెంటర్లు కొంటున్నాయి. బౌలెరో పేరుతో పెరిగిన సంస్థ ఏఎంఎఫ్ సెంటర్లను, బ్రన్స్‌విక్ సెంటర్లను, 2019లో ఏకంగా పీబీఏనే కొని, 2024 చివర లక్కీ స్ట్రైక్ పేరు పెట్టుకుంది. వారికి అక్కరలేని చిన్న ఊళ్ల కుటుంబ సెంటర్లే మీవంటివారికి అందుబాటులో ఉండేవి.

అమ్మేవారిని మొదట అడగవలసింది మూడేళ్ల పన్ను పత్రాలు, ఒక్కో లేన్ మీద రోజుకు సగటున ఎన్ని గేములు ఆడుతున్నారన్న లెక్క, ఐదేళ్లలో లీగ్ ఆటగాళ్ల సంఖ్య ఎలా మారిందన్న వివరం. నోటి మాటగా చెప్పే నగదు ఆదాయాన్ని ధరలో లెక్కించకండి. తరువాత భవనం చూడండి. విశాలమైన చదును పైకప్పు, పాత ఏసీ యూనిట్లు మార్చవలసి వస్తే ఆ ఖర్చు ముందు యంత్రాల ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది. పైకప్పు కారి చెక్క లేన్ మీద నీళ్లు పడితే ఆ చెక్క ఉబ్బి పాడవుతుంది. స్థలం అమ్మేవారిదా, అద్దెదా, అద్దెదైతే ఎన్నేళ్లు మిగిలింది, పన్నులు, మరమ్మతులు ఎవరివి అన్నది న్యాయవాదితో చదివించండి. మద్యం లైసెన్సు బదిలీ ప్రతి రాష్ట్రంలో వేరు. ఆ ఆదాయం లేకుండా మొదటి ఆరు నెలలు నడవగలరా అని లెక్క వేయండి. బూట్ల అద్దె, వంటగది, బార్, ఆర్కేడ్ ఆటలు కలిపితేనే లాభం వస్తుందని, లేన్ ఒక్కదానితో రాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

యంత్రాల గదిలో అమ్మేవారి మనిషి లేకుండా, ఒక లీగ్ రాత్రి మొత్తం ఉండనివ్వమని అడగండి. ఆగిన ప్రతిసారీ రాసుకోండి. విడిభాగాల బీరువాలో ఏముందో, ఏది మరో చచ్చిన యంత్రం నుంచి పీకి పెట్టారో చూడండి. ఆ ఒక్క రాత్రి కోసమే మీరు ముందు మెట్లన్నీ ఎక్కారు.

రుణానికి చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ 7(ఎ) పథకం కింద 50 లక్షల డాలర్ల వరకు వీలుంటుంది. అర్హతలో పౌరసత్వం, నివాస హోదాల నిబంధనలు మారుతూ ఉంటాయి, కాబట్టి బయానా ఇవ్వకముందే బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. 1964 నుంచీ ఉన్న స్కోర్ అనే సంస్థలో అనుభవజ్ఞులైన వ్యాపారులు ఉచితంగా సలహా ఇస్తారు, మీ లెక్కలు వారికి చూపించండి. విరమణ నిధినంతా ఇందులో పోయకండి. అరవైలో పోయిన పొదుపును మళ్లీ కూడబెట్టడానికి కాలం చాలదు. బంధువులను భాగస్వాములుగా చేర్చుకుంటే వాటాలు, జీతాలు, విడిపోయే పద్ధతి మొదటి రోజే కాగితం మీద పెట్టండి.

వసంతంలో లీగ్‌లు ముగిశాక సెంటర్‌ను చేతికి తీసుకోవడం మంచిది. వేసవి మందకొడిగా ఉంటుంది, ఆ నెలల్లో మరమ్మతులు చేయించి, శరదృతువు లీగ్‌ల కెప్టెన్లందరినీ స్వయంగా కలిసి ఒప్పందాలు తిరిగి రాయించవచ్చు. దానికి ఆ వేసవి జీతాలు, కరెంటు, అద్దె మీ చేతి నుంచే కట్టేంత నగదు విడిగా ఉండాలి. లీగ్‌ల రోజులు, వేళలు మొదటి ఏడాది మార్చకండి. ఒప్పందం మీద సంతకం చేసే ముందు ప్రస్తుతం ఉన్న పెద్ద మెకానిక్‌ను ఒంటరిగా కలిసి, ఉంటాడో లేదో అడిగి, అతని జీతం రాతలో ఖాయం చేయండి. అతను ఉండనంటే, అతని చోట నిలబడగల మనిషి దొరికేదాకా సంతకం ఆపండి.